సేంద్రియ గుడ్డుకు దాణా ఎక్కడిది?

 

బడిపంతుళ్లకు కోళ్ల దాణాతో ఏం పని అని మీలో కొందరికి అనిపించవచ్చు. మన సంస్థ ఈ ఏడాది వితంతువులకు, ఒంటరి మహిళలకు గుడ్ల కోళ్లు ఇవ్వాలని ఆలోచిస్తోంది. ఆ ఆలోచనను పరిశీలించి చెప్పమని మా ఉపాధ్యాయుల బృందాన్ని అడిగారు. మేము చూసినంతలో కోడి దొరకడం సులువు. కోడికి ఏం పెట్టాలన్నదే అసలు ప్రశ్న. ఈ సాయంత్రం దాని గురించే నాలుగు మాటలు.

ముందుగా, ఇది ఎవరి కోసమో గుర్తు చేసుకుందాం. జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ అంటే బయటివారికి స్టూడియోలు, తారల ఇళ్లు గుర్తొస్తాయి. ఆ బండల వాలు మీదే బస్తీలు కూడా ఉన్నాయి. లైట్లు మోసేవారు, సెట్లు వేసే వడ్రంగులు, బట్టలు కుట్టేవారు, డ్రైవర్లు, ఇళ్లలో పనిచేసే అమ్మలు ఇక్కడా, కృష్ణానగర్‌లో, షేక్‌పేటలో ఉంటారు. వీరిలో చాలామందిది రోజు కూలి. 2020లో లాక్‌డౌన్‌తో షూటింగులు ఆగినప్పుడు ఏమైందో మీకు తెలుసు. రేషన్ సంచులు మోసుకెళ్లింది మీరే. 2022 ఆగస్టులో నిర్మాతలు షూటింగులు నిలిపినప్పుడు కూడా అదే ఇబ్బంది. పని ఆగిన ఇంట్లో ముందు తగ్గేది బియ్యం కాదు, గుడ్డు, పాలు. ఆ తేడా పిల్లవాడి ముఖంలో బడిలో మాకు కనిపిస్తుంది.

మన హైదరాబాద్‌లోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ మనిషికి ఏడాదికి 180 గుడ్లు ఉండాలని చెబుతుంది. 2023–24 లెక్కల ప్రకారం దేశంలో తలసరి లభ్యత 103 గుడ్లు. ఇది సగటు మాత్రమే. సగటులో జూబ్లీహిల్స్ ఇల్లూ ఉంటుంది, దాని వెనుక గల్లీలో ఇల్లూ ఉంటుంది. బడి మధ్యాహ్న భోజనంలో గుడ్డు పెడుతున్నారు, అది మంచి పని. సెలవుల్లో, బడి ఈడు రాని చిన్నపిల్లల విషయంలో ఆ లోటు అలాగే ఉంది.

ఇక దాతలలో చాలామంది మాతో అన్న మాట ఒకటి ఉంది: "ఇచ్చేది మంచిదే ఇద్దాం. మందులు లేని సేంద్రియ గుడ్డు ఇద్దాం. మేమూ కొంటాం, ఆ డబ్బు ఆ ఆడవాళ్లకు పోతుంది." ఈ ఆలోచన మాకు నచ్చింది. మన వీధి దుకాణాల్లో సేంద్రియమని రాసిన గుడ్డు మామూలు గుడ్డు కంటే రెండు మూడు రెట్ల ధర పలుకుతోంది. అంటే కొనేవారు ఉన్నారు. అయితే ఆ మాట రాసుకునే హక్కు రావాలంటే కోడి తిన్న ప్రతి గింజకూ లెక్క చెప్పాలి.

గుడ్లు పెట్టే కోడి రోజుకు సుమారు 110 గ్రాముల దాణా తింటుంది. ఆ దాణాలో 16 నుంచి 18 శాతం మాంసకృత్తులు ఉండాలి. అంటే రోజుకు 18, 19 గ్రాములు. ఒక గుడ్డులో 6 గ్రాముల దాకా మాంసకృత్తులు ఉంటాయి కనుక, లోపలికి పోనిది బయటికి రాదు. మక్కల్లో ఉండేది 9 శాతమే. వట్టి గింజలు చల్లితే కోడి బతుకుతుంది, గుడ్లు మాత్రం అడపాదడపా పెడుతుంది. అందుకే ఫారాలలో మక్కలకు తోడుగా సోయా చెక్క కలుపుతారు. అందులో 44 నుంచి 48 శాతం మాంసకృత్తులు ఉంటాయి. ఇంతకు తగినది సులువుగా మరొకటి దొరకదు.

సేంద్రియ పద్ధతిలో చిక్కు ఇక్కడే మొదలవుతుంది. మన దేశపు సేంద్రియ ఉత్పత్తి ప్రమాణాలు మూడు విషయాల్లో గట్టిగా ఉన్నాయి. జన్యుమార్పిడి గింజ పెట్టకూడదు. హెక్సేన్ అనే ద్రావకంతో నూనె తీసిన చెక్క పెట్టకూడదు. కర్మాగారంలో తయారైన అమైనో ఆమ్లాలు విడిగా కలపకూడదు. మార్కెట్‌లో దొరికే సోయా చెక్కలో ఎక్కువ భాగం ద్రావకంతో నూనె తీసినదే. 2021లో సోయా ధర మండిపోయి కోళ్ల రైతులు గగ్గోలు పెట్టినప్పుడు ప్రభుత్వం 12 లక్షల టన్నుల జన్యుమార్పిడి సోయా చెక్క దిగుమతికి అనుమతి ఇచ్చింది. మామూలు ఫారాలకు అది ఊరట. సేంద్రియ రైతుకు దానివల్ల ఉపయోగం లేదు. మన ఆదిలాబాద్, నిర్మల్ వైపు సోయా పండుతుంది. రసాయనాలు వాడకుండా పండించిన సోయాను ఒత్తిడి యంత్రంలో నూనె తీసి, ఆ చెక్కను తెచ్చుకోవాలి. అది కొద్దిగానే దొరుకుతుంది, ధర ఎక్కువ.

మూడో నిబంధన ఇంకా గట్టిది. మాంసకృత్తులు అమైనో ఆమ్లాలతో తయారవుతాయి. వాటిలో కోడికి ముందుగా కొరత పడేది మెథియోనిన్. మన పేటకు తెలిసిన పోలిక చెబుతాం. షూటింగ్‌కు హీరో వచ్చాడు, డైరెక్టర్ వచ్చాడు, సెట్ సిద్ధంగా ఉంది, జనరేటర్ వాహనం రాలేదు. అందరూ కూర్చోవాల్సిందే. మెథియోనిన్ తక్కువైతే మిగతా అమైనో ఆమ్లాలు ఎన్ని ఉన్నా ఉపయోగపడకుండా పోతాయి. గుడ్డు చిన్నదవుతుంది, సంఖ్య తగ్గుతుంది, కోళ్లు ఒకదాని ఈకలు ఒకటి పీక్కుంటాయి. మామూలు ఫారంవారు కొద్దిగా మెథియోనిన్ పొడి కలిపి ఈ లోటు తీర్చుకుంటారు. అమెరికాలో సేంద్రియ గుడ్ల కోళ్లకు సైతం టన్ను దాణాకు సగటున 2 పౌండ్ల వరకు దాన్ని అనుమతించారు, ఎందుకంటే అక్కడా ప్రత్యామ్నాయం సరిపోలేదు. మన ప్రమాణాల్లో ఆ వెసులుబాటు లేదు. దానికి బదులు సోయా ఎక్కువ పెట్టి సరిపెట్టవచ్చు. కానీ మిగిలిన మాంసకృత్తులు రెట్టలో పోయి షెడ్డులో అమ్మోనియా ఘాటు పెరుగుతుంది, కోళ్ల కళ్లు మండుతాయి, ఖర్చూ వృథా.

కాబట్టి సోయా ఒక్కదాని మీద ఆధారపడకుండా, మెథియోనిన్ ఉన్న ఇతర వనరులు వెతకాలి. మేము చూసినవి ఒక్కొక్కటిగా చెబుతాం.

మొదటిది నువ్వుల చెక్క, కోస్తాలో తెలగపిండి అంటారు. గానుగ ఆడిన తరువాత మిగిలేది. మాంసకృత్తులు 35 నుంచి 40 శాతం. మెథియోనిన్ సోయా కంటే ఎక్కువ. లైసిన్ అనే మరో ఆమ్లం తక్కువ, అది సోయాలో దండిగా ఉంటుంది. ఒకదాని లోటు ఒకటి తీరుస్తుంది. అయితే నువ్వులలోని ఫైటిక్ ఆమ్లం సున్నాన్ని పట్టేస్తుంది, గుడ్డు పెంకు పలచబడవచ్చు. అందుకని నూటికి 8, 10 పాళ్లకు మించకుండా చూసుకుని, ఆల్చిప్పల పొడి తగ్గకుండా పెట్టాలి. పొద్దుతిరుగుడు చెక్క కూడా ఇదే కోవలోది, కాకపోతే పీచు ఎక్కువ.

రెండోది పల్లి చెక్క. మనకు బాగా తెలిసినది, మాంసకృత్తులు 40 శాతం పైమాటే. దీనితో జాగ్రత్త. తడి తగిలిన పల్లిలో బూజు పట్టి అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. వానాకాలంలో నిల్వ చేసిన చెక్క కాలేయాన్ని పాడు చేస్తుంది. మెథియోనిన్, లైసిన్ రెండూ ఇందులో తక్కువే. వాడితే కొద్దిగా, తాజాగా వాడాలి.

మూడోది కంది చున్ని. తాండూరు కందిపప్పు మిల్లుల్లో పప్పు తీయగా మిగిలే నూక, పొట్టు. చవక, దగ్గర. ప్రధాన వనరు కాదు గానీ తోడుగా పనికొస్తుంది. మక్కలలో కొంత తీసి సజ్జలు పెట్టినా లాభమే, సజ్జల్లో మాంసకృత్తులు 11 శాతం దాకా ఉంటాయి. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు 1980ల నుంచి చిరుధాన్యాలను రసాయనాలు లేకుండా పండిస్తూ వచ్చారు. అలాంటి చిన్న రైతుల దగ్గర నేరుగా కొంటే మన దాన ధనం రెండు చోట్ల పనిచేస్తుంది.

నాలుగోది అజొల్లా. నీటి మీద పెరిగే ఈ నాచులాంటి మొక్కను గురించి గొప్పలు చాలా చెబుతారు. ఎండబెడితే 20 నుంచి 25 శాతం మాంసకృత్తులు ఉన్న మాట నిజమే. కానీ పచ్చి అజొల్లాలో 90 శాతానికి పైగా నీరే. కోడికి రోజుకు 50 గ్రాముల పచ్చి అజొల్లా వేస్తే అందేది సుమారు 3 గ్రాముల పొడి పదార్థం, అంటే ముప్పావు గ్రాము మాంసకృత్తులు. అవసరం 18 గ్రాములు. ఏడో తరగతి పిల్లవాడు చేయగల లెక్క ఇది. అజొల్లా పచ్చసొనకు మంచి రంగు ఇస్తుంది, పచ్చిమేతగా మంచిది, గుంట తవ్వడం ఆడవాళ్లకు భారం కాదు. దాన్ని కూరలో కొత్తిమీర లాగా చూడాలి, కూరగా లెక్కపెట్టవద్దు. మునగాకు కూడా అంతే.

ఐదోది పురుగులు. ఇక్కడ మీలో కొందరు ముఖం చిట్లించడం కనిపిస్తోంది, అయినా చెప్పాలి. బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే ఒక ఈగ ఉంది. ఇది మన వంటింటి ఈగ కాదు. పెద్దయ్యాక దాదాపు ఏమీ తినదు, తిండి మీద వాలదు. దాని గుడ్లు నాలుగు రోజుల్లో పొదుగుతాయి, పిల్ల పురుగులు రెండు వారాల్లో కూరగాయల వ్యర్థాన్ని తినేసి బలిసిపోతాయి. ఎండబెట్టిన పురుగులో 40 శాతం దాకా మాంసకృత్తులు ఉంటాయి, కొవ్వు ఎక్కువగానే ఉంటుంది, మెథియోనిన్ కూడా ఉంది. యూరప్‌లో పిచ్చి ఆవు రోగం తరువాత 2001లో పశువుల దాణాలో జంతు మాంసకృత్తులను నిషేధించారు. పురుగుల విషయంలో ఆ నిషేధాన్ని 2021 సెప్టెంబరులో కోళ్లకు, పందులకు సడలించారు. ఇరవై ఏళ్ల తరువాత ఒప్పుకున్నారంటే ఊరికే కాదు.

మన పేటకు ఇది ఎందుకు ముఖ్యమంటే, జూబ్లీహిల్స్ రోడ్ల మీద ఎన్ని హోటళ్లు, ఎన్ని కాఫీ దుకాణాలు ఉన్నాయో మీకు తెలుసు. కూరగాయల తొక్కలు, పండ్ల వ్యర్థం రోజూ బండ్లలో పోతున్నాయి. 20 కోళ్లకు తలకు 10 గ్రాముల ఎండు పురుగు పెట్టాలంటే రోజుకు 200 గ్రాములు కావాలి. దానికి సుమారు 3, 4 కిలోల వ్యర్థం సరిపోతుంది. ఒక్క హోటల్ వంటగది నుంచే అది వస్తుంది.

అయితే మూడు షరతులు ఉన్నాయి. మొదటిది, వ్యర్థం వేరు చేసినదై ఉండాలి. బ్యాటరీలు, రంగులు, మురికి కలిసిన చెత్తలో పెరిగిన పురుగు కాడ్మియం వంటి లోహాలను ఒంట్లో పోగుచేసుకుంటుంది, అక్కడి నుంచి అవి ముందుకు పోతాయి. రెండోది, హోటల్ కూరగాయ సేంద్రియం కాదు. దాని మీద పెరిగిన పురుగును తిన్న కోడి గుడ్డు శుభ్రమైన గుడ్డు కావచ్చు, దాన్ని సేంద్రియమని అమ్మకూడదు. కొనేవారికి ఒకటి చెప్పి మరొకటి ఇవ్వడం మన దీన్‌లో ఎంత తప్పో నేర్పేది మనమే కదా. మూడోది మన ధర్మానికి సంబంధించినది.

మలిన పదార్థాలు తినే జంతువును ఫిఖ్‌లో జల్లాలా అంటారు. అటువంటి దాని మాంసం, పాలు, గుడ్ల గురించి మన పెద్దలు వివరంగా చర్చించారు. హజ్రత్ అబ్దుల్లా ఇబ్న్ ఉమర్ (రజి) అటువంటి కోడిని మూడు రోజులు కట్టి ఉంచి, శుభ్రమైన మేత పెట్టి ఆ తరువాత కోసేవారని ఉల్లేఖనం ఉంది. ఊరికోడి పెరట్లో పురుగులు ఏరుకుని తినడం దాని సహజ స్వభావం, మన అమ్మమ్మలందరూ ఆ గుడ్డే పెట్టి మనల్ని పెంచారు. పెంపకపు పురుగు దేని మీద పెరిగిందన్నదే ఇక్కడ ప్రశ్న. అందుకే మా బృందం సూచన ఇది: మాంసం, రక్తం, ఎముకలు, మురికి ఏదీ కలవని కూరగాయ, పండ్ల వ్యర్థం మీద మాత్రమే పెంచాలి. వేదిక మీద ఉన్న ముఫ్తీ సాహెబ్ లిఖితపూర్వకంగా అభిప్రాయం ఇచ్చే దాకా ఆ పని మొదలు పెట్టకూడదు. బయట కొనే రెడీమేడ్ దాణాలో మాంసం, ఎముకల పొడి ఉందా, ఏ జంతువుదన్న ప్రశ్న కూడా అడగడం నేర్చుకోవాలి. ఇంట్లో కలుపుకున్న దాణాకు ఆ అనుమానం ఉండదు, అది పెద్ద సౌలభ్యం.

కొన్ని వనరులు మేము పక్కన పెట్టాం. ఆముదం చెక్క మన పాలమూరు, నల్గొండ వైపు దొరుకుతుంది, అందులో రిసిన్ అనే విషం ఉంటుంది, కోళ్ల దగ్గరికే రానీయకూడదు. పత్తి గింజల చెక్కలోని గాసిపాల్ వల్ల నిల్వ ఉంచిన గుడ్ల పచ్చసొన ఆకుపచ్చగా మారుతుంది. సుబాబుల్ ఆకు కోళ్లకు పడదు. పచ్చి సోయా గింజ వేయించకుండా పెడితే అరగదు. పట్టు పురుగు ప్యూపాలో మాంసకృత్తులు 50 శాతం దాకా ఉన్నా, నూనె తీయకుండా పెడితే గుడ్డు వాసన కొడుతుంది, ఎండు చేపదీ అదే ఇబ్బంది. చేపలో ఉప్పు కూడా ఎక్కువ. దావత్‌లలో మిగిలిన బిర్యానీ కోళ్లకు వేద్దామని కొందరు అన్నారు. అందులో ఉప్పు, మసాలా, పైగా కోడి మాంసం. కోడికి కోడిని పెట్టడం ఏ విధంగానూ మంచిది కాదు. మిగిలిన మంచి బిర్యానీ తినడానికి మనుషులే ఉన్నారు.

ఇవన్నీ చూసి మేము వేసుకున్న మిశ్రమం ఇది. వంద కిలోలకు మక్కలు 25, సజ్జలు 20, ఒత్తిడితో నూనె తీసిన సోయా చెక్క 14, నువ్వుల చెక్క 8, పొద్దుతిరుగుడు చెక్క 8, తవుడు 10, కంది చున్ని 5, ఆల్చిప్పల పొడి 8.5, ఖనిజ లవణాలు, ఉప్పు కలిపి 1.5 కిలోలు. మాంసకృత్తులు 17 నుంచి 18 శాతం మధ్య వస్తాయి, మెథియోనిన్ 0.35 శాతం దగ్గర ఉంటుంది. పచ్చిమేతగా అజొల్లా విడిగా వేయాలి. ఇది కాగితం మీద లెక్క. చెక్కల నాణ్యత బస్తాకో రకంగా ఉంటుంది. కనుక రాజేంద్రనగర్‌లోని పశువైద్య విశ్వవిద్యాలయం నిపుణులకు చూపించి, దాణా నమూనా పరీక్ష చేయించాకే కోళ్లకు పెట్టాలి.

కోడి ఏది? రాజేంద్రనగర్‌లోనే 1988 నుంచి కేంద్ర ప్రభుత్వ కోళ్ల పరిశోధన సంస్థ ఉంది. పెరటి పెంపకానికి వనరాజా, గ్రామప్రియ, శ్రీనిధి రకాలను తయారు చేసింది వారే. నాటుకోడి ఏడాదికి 50 నుంచి 80 గుడ్లు పెడితే, గ్రామప్రియ పెరట్లో మంచి దాణాతో 160 దాకా పెడుతుంది. మనకు అదే తగినది. ఫారం కోడికి కావలసినంత మెథియోనిన్ దానికి అక్కర లేదు, తిరిగి ఏరుకు తినే అలవాటూ ఉంది. దూరం నుంచి లారీల్లో వచ్చే గుడ్డు కన్నా మనకు తెలిసిన చేతుల మీదుగా వచ్చే గుడ్డు మేలు.

బస్తీల్లో కోళ్లకు చోటు లేదు. ఇల్లే పది అడుగుల గది. మొయినాబాద్, చేవెళ్ల వైపు పల్లెల్లో మన సంస్థ పింఛను అందుకునే కుటుంబాలున్నాయి. పది కుటుంబాలకు 20 చొప్పున 200 కోళ్లు ఇద్దామన్నది మా సూచన. రోజుకు 22 కిలోల దాణా, ఏడాదికి సుమారు 8 టన్నులు. పిల్లలు పెరిగి గుడ్లు మొదలుపెట్టడానికి ఐదున్నర నెలలు పడుతుంది. ఆ ఐదున్నర నెలలూ ఖర్చే గానీ రాబడి లేదు. కోళ్ల దానాలు చాలా చోట్ల చెడిపోయేది ఇక్కడే. దాణా కొనలేక ఆ ఇల్లాలు కోళ్లను అమ్ముకుంటుంది, లేదా కోసుకుంటుంది. ఆమెను తప్పుపట్టలేం. ఆకలిగా ఉన్న ఇంటికి ఆకలిగా ఉన్న కోడిని ఇచ్చినవాళ్లది ఆ లోపం.

గుడ్లు మొదలయ్యాక ఏడాదికి 200 కోళ్ల మీద 32,000 గుడ్లు అనుకోండి. సగం మీరు కొంటారు, ఆ డబ్బుతో దాణా, ఆ తల్లుల ఇల్లు గడుస్తాయి. మిగిలిన 16,000 గుడ్లను సంస్థ న్యాయమైన ధరకు కొని బస్తీ పిల్లలకు ఇస్తే, వంద మంది పిల్లలకు వారానికి మూడు చొప్పున ఏడాదంతా అందుతాయి.

ఇక డబ్బు సంగతి. కోళ్లు, మొదటి ఐదున్నర నెలల దాణా ఆ మహిళ సొంతం అవుతాయి కనుక, తమ్లీక్ నియమం ప్రకారం జకాత్ నుంచి ఇవ్వవచ్చునా అని ముఫ్తీ సాహెబ్‌ను అడిగాం, వారే తేల్చి చెబుతారు. దాణా ఆడించే మర, నిల్వ గది, నమూనా పరీక్షల ఖర్చు సంస్థ ఆస్తి కిందికి వస్తాయి, వాటికి సదఖా నిధి కావాలి. కోడి పేరుతో విరాళం ఇవ్వడానికి అందరూ ముందుకొస్తారు, ఫోటో కూడా బాగుంటుంది. మరకు, బస్తాకు, పరీక్షకు ఇచ్చేవారు తక్కువ. ఈసారి ముందుగా వాటికి ఇవ్వమని మా విన్నపం. మర లేకపోతే కోళ్ల పంపకం వచ్చే ఏడాదికి వాయిదా వేయండి. మేము అదే మాట రాతపూర్వకంగా కార్యవర్గానికి ఇచ్చాం.

సేంద్రియం అన్న ముద్ర సంగతి కూడా ఇప్పుడే చెప్పేస్తాం. రైతుల బృందాలు ఒకరి పొలాన్ని ఒకరు తనిఖీ చేసుకునే పీజీఎస్ పద్ధతి, మూడో పక్షం ధ్రువీకరణ, ఈ రెండు దారులున్నాయి. ఏదో ఒకటి చేతికొచ్చే వరకు మన గుడ్ల డబ్బా మీద సేంద్రియమని రాయవద్దు. "ఇంటి దాణాతో పెంచిన కోళ్ల గుడ్లు" అని, ఆ దాణాలో ఏముందో రాద్దాం. అది చదివి ఇష్టమైనవారే కొంటారు. మా అంచనాలో కొనేవారు తక్కువ కారు.

అల్లాహ్ మన సంపాదనలో, మన ఖర్చులో శుభం కలిగించుగాక. ఆ పది ఇళ్లలో, ఆ వంద పళ్లేలలో బరకత్ ఇచ్చుగాక.  ప్రశ్నలుంటే చాయ్ సమయంలో అడగండి. దాణా నమూనాలు వెనుక బల్ల మీద ఉన్నాయి, చేతిలోకి తీసుకుని చూడండి.